పదిహేను లీటర్ల డీజిలు, అయిదువందల పది కోడిపిల్లలు

రుక్కమ్మ నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి. మా ఆవిడ వేదవతి మంచం పట్టిన ఎనిమిది నెలలూ ఆమె తొండుపల్లి నుంచి రోజూ మొదటి బస్సులో మైలార్‌దేవ్‌పల్లిలోని మా ఇంటికి వచ్చేది. వంట చేసేది, వేదవతికి తల దువ్వేది, సాయంత్రం ఆమెను ఒకసారైనా నవ్వించి గాని వెళ్ళేది కాదు. వేదవతి పోయాక కూడా నెలకోసారి వచ్చి, నేను సరిగా తింటున్నానో లేదో వంటింట్లో డబ్బాలు తెరిచి చూసి పోయేది. నేను ఏం ఇవ్వబోయినా పుచ్చుకునేది కాదు.

అలాంటి మనిషి 1998 మార్చిలో ఒక ఆదివారం వచ్చి, గుమ్మం దగ్గరే నిలబడి, తనకు కోడిపిల్లల్ని తెచ్చిపెట్టమని అడిగింది. ఊళ్ళో పదిమంది ఆడవాళ్ళు కలిసి సంఘం పెట్టుకున్నారు. రుక్కమ్మ పెరట్లో రేకుల షెడ్డు వేశారు. బడంగ్‌పేట్ దగ్గరి హేచరీ వాళ్ళు అయిదువందల పిల్లల కోసం అంత దూరం వ్యాను పంపలేమన్నారట. గుడ్డులోంచి వచ్చిన రోజే, ఎండ ముదరకముందే వాటిని షెడ్డుకు చేర్చాలి. ఈ విడత తప్పితే మళ్ళీ వానాకాలం దాకా ఇవ్వరు. ఆమె మరిది దశరథం ఆ షెడ్డులో గడ్డి పేర్చుకోవచ్చని అప్పుడే వేళాకోళం మొదలుపెట్టాడు. షెడ్డు ఖాళీగా ఉంటే నిజంగానే పేరుస్తాడు.

"అయిదొందల పిల్లలు తెస్తనని సంఘంల మాటిచ్చిన సార్. నీ కారు యాదికొచ్చింది," అంది.

బుధవారం పొద్దున్నే తెస్తానని చెప్పాను. ఆమె వెళ్ళాక చాలాసేపు నాకు ఊరికే సంతోషంగా ఉంది.

నా కారు గురించి కొంచెం చెప్పాలి. నేను పంచాయతీరాజ్ శాఖలో ఇంజనీరుగా ఇరవయ్యేడేళ్ళు పనిచేశాను. అన్నేళ్ళూ తిరిగింది ఆఫీసు జీపులో. అది డీజిల్ జీపు. బంకు దగ్గర ఆగగానే నేను లాగ్ బుక్కు తీసి మీటరు రీడింగు రాసేవాణ్ణి, రాస్తూనే "డీజిల్" అనేవాణ్ణి, డ్రైవరు దిగి పోయించేవాడు. రిటైరయ్యాక పాత అంబాసిడర్ కొన్నాను. అది పెట్రోలుది. కారు మారింది గాని లాగ్ బుక్కు అలవాటు పోలేదు. ఒక పొడుగాటి నోటుపుస్తకం కొని, ఆఫీసులోలాగే గళ్ళు గీశాను: తేదీ, మీటరు, ఆయిల్, ప్రయాణ కారణం, చివర ప్రయాణించిన అధికారి సంతకం. ఆ చివరి గడి చూసి వేదవతి పడీ పడీ నవ్వింది. "ఈ బండికి అధికారిని నేనే," అని తానే సంతకం పెట్టేది. మార్కెట్టుకు వెళ్ళొచ్చినా పెట్టేది. రెండేళ్ళుగా ఆ గడి ఖాళీగా ఉంది.

బుధవారం ఎనిమిదిన్నరకల్లా హేచరీలో ఉన్నాను. అయిదు అట్టపెట్టెలు, పక్కలకు గాలి కన్నాలు. ఒక్కో పెట్టెలో వందకు రెండు ఎక్కువ వేసి ఇచ్చారు. దారిలో ఒకటీ అరా పోతాయని అలా కలిపివ్వడం వాళ్ళ పద్ధతట. ఎవరు మొదలుపెట్టారో గాని మంచి మనసున్న పద్ధతి అనుకున్నాను. మొత్తం అయిదువందల పది. మూడు పెట్టెలు వెనకసీట్లో, రెండు ముందుసీట్లో పెట్టుకుని బయలుదేరాను. కారంతా కిచకిచలు. రెండేళ్ళుగా అంత సందడి నా వెనక ఎప్పుడూ లేదు. నేనూ ఏదో కూనిరాగం తీశాననుకుంటాను.

నేను ఎప్పుడూ పోయించుకునే బంకు కాటేదాన్ దగ్గర ఉంది. అక్కడి పనివాడికి నా కారు తెలుసు, ఏం పోయాలో అడగడు. ఆరోజు అక్కడ స్టాకు లేదని బోర్డు పెట్టారు. పెట్రోలు మీటరు ముల్లు కింద గీతకు దగ్గర పడుతోంది. సరే, ముందు చూసుకుందాం అని బెంగుళూరు రోడ్డు మీద సాగిపోయాను. శంషాబాద్ ఇంకా రాకముందు ఒక బంకు కనబడితే ఆపాను. అప్పటికి పది అయింది. ఎండ చురుక్కుమంటోంది.

అక్కడి పనివాడి పేరు కుర్మయ్య అని తర్వాత తెలిసింది. నలభై దాటిన మనిషి, చెవి మీద పెన్ను. అంబాసిడర్లలో రెండు రకాలూ ఉంటాయి కాబట్టి అతను పద్ధతిగానే అడిగాడు, డీజిలా పెట్రోలా అని. నేను ఒళ్ళో పుస్తకం తెరిచి మీటరు అంకె రాస్తున్నాను. ఏదో అన్నాను. అతను పోశాడు. డబ్బిచ్చి వచ్చేశాను.

శంషాబాద్ బజారు దాటేవరకు కారు బాగానే నడిచింది. అది గొట్టాల్లో మిగిలి ఉన్న పాత పెట్రోలు పుణ్యం. తర్వాత ఒక దగ్గు దగ్గింది. రెండు గెంతులు గెంతింది. వెనక అద్దంలో చూస్తే రోడ్డు కనిపించడం లేదు, అంతా తెల్లటి పొగ. కారు ఎడమపక్కకు తిరిగి, నిట్టూర్చినట్టు ఆగిపోయింది.

తొండుపల్లి ఇంకా మూడు కిలోమీటర్లు. నేను తాళం తిప్పాను. ఇంజను గరగరమంది గాని అందుకోలేదు. మళ్ళీ తిప్పాను. మూడోసారి తిప్పబోతుంటే ఎవరో కిటికీలోంచి చెయ్యి పెట్టి నా మణికట్టు పట్టుకున్నారు.

"సెల్ఫ్ కొట్టకు సార్. జర ఆగు," అన్నాడతను.

ఎదురుగానే అతని మెకానిక్ షెడ్డు. పేరు మల్లేశ్వర్. వచ్చి పెట్రోలు మూత తీసి వాసన చూశాడు. వేలు తడిపి రుద్దుకున్నాడు. ఆరిపోలేదు, జిడ్డుగా ఉంది. అప్పటికే అయిదారుగురు చేరారు. ట్యాంకు నిండా డీజిలే ఉందని మల్లేశ్వర్ తేల్చాడు. గుంపులో ఒకాయన, రాజయ్య, గళ్ళ తువ్వాలు తలకు చుట్టుకున్న పెద్దమనిషి, ఆ బంకువాణ్ణి పట్టుకొచ్చి ఇక్కడ నిలబెడదాం నడవండన్నాడు. నాకూ కోపం వచ్చింది. అనవలసిన మాటలు నోట్లో సిద్ధం చేసుకుంటూ, ఎన్ని లీటర్లు పోశాడో చూద్దామని పుస్తకం తెరిచాను.

ఆయిల్ గడిలో నా చేతిరాత గుండ్రంగా, ముచ్చటగా ఉంది. డీజిల్, పదిహేను లీటర్లు.

కాసేపు ఆ గడినే చూశాను. మీటరు అంకె రాసిన తర్వాత ఇరవయ్యేడేళ్ళు ఏ మాట అన్నానో అదే అన్నాను, అదే రాశాను. వేదవతి అంటూ ఉండేది, మీరు పుస్తకంలో తల పెడితే పక్కన పులొచ్చి కూర్చున్నా తెలియదని. గుంపు నా మొహం చూస్తోంది. చెప్పక తప్పలేదు. పుస్తకం వాళ్ళవైపు తిప్పి, తప్పు నాదేనండీ, బంకు మనిషిది కాదు, నేనే అడిగి పోయించుకున్నాను అన్నాను.

రాజయ్య పుస్తకంలోకి తొంగిచూసి, "రాసుకొని మరీ పోయించుకున్నవా సార్," అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వేవాణ్ణే గాని, అప్పుడే ఒక సంగతి గమనించాను. కారులో కిచకిచలు తగ్గిపోయాయి.

తలుపు తీసి ఒక పెట్టె మూత ఎత్తాను. పిల్లలు నోళ్ళు తెరుచుకుని, రెక్కలు దూరంగా పెట్టుకుని రొప్పుతున్నాయి. ఎండలో ఆగిన కారు పెనంలా ఉంది. ఇంకోసారి స్టార్ట్ చేద్దాం, మూడు కిలోమీటర్లే కదా, పొగతోనే వెళ్ళిపోతానని మల్లేశ్వర్‌ను బతిమాలాను. అతను ఒప్పుకోలేదు. తిప్పినకొద్దీ డీజిల్ ఇంజనులోకి పోతుంది, ప్లగ్గులన్నీ తడిసి ముద్దవుతాయి, మూడు కిలోమీటర్లు కాదు కదా మూడు గజాలు కూడా పోదన్నాడు. ట్యాంకు ఖాళీ చేయాలి, గొట్టాలు ఊదాలి, కార్బురేటరు విప్పి కడగాలి, ప్లగ్గులు తుడిచి ఆరబెట్టాలి. రెండు గంటల పని. నా మొహం చూసి కొంచెం మెత్తబడ్డాడు.

"పరేషాన్ గాకు సార్. పెట్రోల్ బండ్ల డీజిల్ పోస్తే ఏం గాదు, కడిగితే పోతది. డీజిల్ బండ్ల పెట్రోల్ పోసినవనుకో, పంపు ఖతమే అయితుండె. ముంగట ఆ పిల్లల్ని నీడకు దించు."

నీడ ఎక్కడుందని చుట్టూ చూశాను. రోడ్డు పక్కన ఒకటే నీడ ఉంది. ఈతాకుల పందిరి, కింద నీళ్ళు చల్లిన మట్టినేల, చల్లగా, చీకటిగా. అది కల్లు కంపౌండ్. నేను అరవై రెండేళ్ళ వయసు వరకు అలాంటి చోట అడుగుపెట్టలేదు. ఆరోజు అడుగుపెట్టాను, అదీ రెండు చేతుల్లో కోడిపిల్లల పెట్టెతో. మిగతా నాలుగూ రాజయ్య, అతని స్నేహితులూ మోశారు. ఇద్దరు కూర్చున్న చోటు నుంచి లేచి, చల్లగా ఉన్న మూల ఖాళీ చేశారు.

అక్కడ కల్లులోకి ఉడికించిన శనగల గుడాలు అమ్మే చంద్రమ్మ అనే ఆవిడ వెంటనే పెత్తనం తీసుకుంది. పెట్టెలు ఒకదాని మీద ఒకటి పెట్టొద్దంది. మూతలు తీయించింది. నీళ్ళు పిల్లల మీద పోయకూడదు, నేల మీద చల్లండి అంది. సత్తు గిన్నెలో నీళ్ళు తెచ్చి, అందులో ఇంత బెల్లం కలిపి, వేలితో ఒక్కో చుక్క వడిలిపోయిన పిల్లల ముక్కులకు అందించడం మొదలుపెట్టింది. ఆమె ఒక్కతీ ఎన్నింటికని పెడుతుంది? తాగడానికి వచ్చిన వాళ్ళందరూ పెట్టెల చుట్టూ గొంతుకూర్చున్నారు. పది పదిహేనుమంది మగవాళ్ళు, తలలు వంచుకుని, తడి వేళ్ళతో కోడిపిల్లలకు నీళ్ళు తాగిస్తున్నారు. పక్కన సీసాలు అలాగే ఉన్నాయి.

నీళ్ళకన్నా కల్లు చలవ చేస్తుంది గదా, ఒక్క చుక్క పెట్టి చూద్దామా అన్నాడొకడు.

"నీకు పోసింది చాలదా, పిల్లల్ని గూడ నీ తీరు జేస్తవా," అంది చంద్రమ్మ తల ఎత్తకుండానే.

అరగంటకు కిచకిచలు మళ్ళీ పుంజుకున్నాయి. ఆ చప్పుడు అంత తియ్యగా ఉంటుందని నాకు అంతకుముందు తెలియదు. అయితే నాలుగు పిల్లలు లేవలేదు. చంద్రమ్మ వాటిని ఒక ఆకులో విడిగా పెట్టింది. పన్నెండు దాటితే ఈ పందిరి కింద కూడా వేడి పెరుగుతుంది, ఇప్పుడే తీసుకుపొమ్మంది.

మల్లేశ్వర్ కారు కింద పడుకుని ఉన్నాడు. ట్యాంకు కింది బోల్టు తీసి డీజిలంతా డబ్బాలోకి వదులుతున్నాడు. కారు తాళాలు అతనికిచ్చి నేను రోడ్డు మీదికి వచ్చాను. ముందు ఒక బస్సు ఆగింది. కండక్టరు పెట్టెల్లో ఏముందని అడిగి, విని, ఈల ఊదాడు. తర్వాత ఒక సెవెన్ సీటర్ ఆటో వచ్చింది. లోపల అయిదుగురు ఉన్నారు, పాల్మాకుల పోతున్నవాళ్ళు. పెట్టెలు పెట్టడానికి చోటు లేదని డ్రైవరు చెయ్యి ఊపాడు. రాజయ్య అతన్ని మాటల్లో పెట్టి, మనిషికొక పెట్టె ఒళ్ళో పెట్టుకుంటే చోటెందుకని అడిగాడు. ఆ లెక్క డ్రైవరుకు నచ్చింది. నేనొకటి, రాజయ్య ఒకటి, లోపలివాళ్ళు మూడు.

ఒళ్ళో పెట్టె పెట్టించుకున్న వాళ్ళలో ఒకావిడ మొదట ముక్కు మూసుకుని, కొత్త చీర పాడవుతుందని గట్టిగానే గొణిగింది. రెండు నిమిషాలయ్యాక చూస్తే, ఎండ పడుతున్న వైపు ఆ చీర కొంగే పెట్టె మీద కప్పి పట్టుకుని ఉంది.

దారిలో రాజయ్య నా పుస్తకం కథ డ్రైవరుకు చెప్పాడు. డ్రైవరు వెనక్కి తిరగకుండానే, "నాది డీజిల్ బండే సార్. గా పదిహేను లీటర్లు దీంట్ల పోయిస్తె మంచిగుండె," అన్నాడు. తొండుపల్లి మలుపు దగ్గర దింపేస్తాడనుకున్నాను. దింపలేదు. ఎవర్నీ అడక్కుండానే లోపలికి తిప్పి, రుక్కమ్మ ఇంటిముందు ఆపాడు. లోపలివాళ్ళు ఒక్కరూ ఆలస్యమవుతోందని అనలేదు. చీర కొంగు ఆవిడ తన పెట్టె తానే దించి లోపల పెట్టి మరీ వెళ్ళింది.

రుక్కమ్మ పొద్దున ఎనిమిది నుంచి వాకిట్లోనే ఉందట. షెడ్డులో వరిపొట్టు పరిచి, దాని మీద కాగితాలు వేసి, నీళ్ళ గిన్నెలు నింపి ఉంచింది. సంఘం ఆడవాళ్ళు గోడ వెంట నిలబడ్డారు. దశరథం కూడా ఉన్నాడు, పక్కింటి అరుగు మీద, గడ్డి మోపు దగ్గర పెట్టుకుని. కారు లేకుండా ఆటోలోంచి దిగిన నన్ను చూసి రుక్కమ్మ మొహం మారింది. నేను ఏమీ దాచలేదు. నా నోటితో నేను డీజిల్ అన్న సంగతి, కారు ఆగిన సంగతి, కొన్ని పిల్లలు లేవలేదన్న సంగతి నిలబడే చెప్పేశాను. ఎన్ని మిగిలాయో నాకే తెలియదన్నాను.

ఆమె పెట్టెల దగ్గరికి జరిగింది. కూర్చుని లెక్కపెట్టడం మొదలుపెట్టింది. రెండు చేతుల్లో అయిదేసి పిల్లల్ని ఎత్తి, పొట్టు మీద వదిలి, వందయినప్పుడల్లా గోడ మీద బొగ్గుతో ఒక గీత గీసేది. నేను ఎన్నో పరీక్షలు రాశాను గాని ఫలితం కోసం అంత కదలకుండా ఎప్పుడూ నిలబడలేదు. నాలుగు గీతలు పడ్డాయి. అయిదో పెట్టెలో రెండు పిల్లలు ఊపిరి లేకుండా దొరికాయి. ఆమె వాటిని పక్కన పెట్టి, మిగతావి లెక్కపెట్టింది. అయిదో గీత పడింది. చేతిలో ఇంకా నాలుగు ఉన్నాయి.

ఆ నాలుగింటినీ ఒళ్ళో పెట్టుకుని అప్పుడు నవ్వింది.

"నీకు డీజిల్ తెలుస్తదా సార్, పెట్రోల్ తెలుస్తదా. గప్పుడు అమ్మ కషాయం పొడి నీ కాఫీల ఏసిచ్చిన, పేపర్ సదువుకుంట మొత్తం తాగి, ఈయాల కాఫీ మంచిగున్నదన్నవ్. అమ్మ నవ్వి నవ్వి పక్క పట్టుకున్నది."

నాకు ఆ సంగతి తెలియదు. ఆ ఎనిమిది నెలల్లో నేను చూడని ఒక నవ్వు ఇంత కాలానికి ఒక కోళ్ళ షెడ్డులో నాకు దొరికింది. నేను గోడ మీది గీతలవైపు తిరిగి నిలబడ్డాను. దశరథం ఎప్పుడు లేచి వెళ్ళాడో గాని, అరుగు మీద గడ్డి మోపు లేదు.

తిరిగి శంషాబాద్ చేరేసరికి రెండయింది. కార్బురేటరు కడగడం అయిపోయింది, ప్లగ్గులు ఎండలో వరసగా ఆరుతున్నాయి. తీసిన డీజిల్‌ను మల్లేశ్వర్ ఇనప సామాన్లు కడుక్కోవడానికి ఉంచుకుంటానన్నాడు, పొయ్యి దగ్గరికి మాత్రం ఎవర్నీ తీసుకుపోనివ్వనని చెప్పాడు. పెట్రోలు కావాలి. అతని మోపెడ్ వెనక కూర్చుని, డబ్బా పట్టుకుని అదే బంకుకు వెళ్ళాను.

వార్త నాకన్నా ముందే వెళ్ళింది. కుర్మయ్య నన్ను చూసి లేచి నిలబడ్డాడు, మొహం పాలిపోయి ఉంది. యజమాని గది తలుపులో నిలబడి, నోరు తెరవబోతున్నాడు. నేను ముందుగా పుస్తకం తీసి ఆ గడి ఇద్దరికీ చూపించాను. ఇతను సరిగా అడిగాడండీ, నేనే తప్పు చెప్పాను అన్నాను. యజమాని చదివి లోపలికి వెళ్ళిపోయాడు. కుర్మయ్య చెవి మీది పెన్ను తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. తర్వాత నా డబ్బా అందుకుని, పెట్రోలే గదా సార్ అన్నాడు. అవునన్నాను. గొట్టం చేతిలోకి తీసుకుని ఇంకోసారి అడిగాడు. పోసేముందు మూడోసారి మల్లేశ్వర్‌ను అడిగాడు.

కారు రెండో ప్రయత్నానికే అందుకుంది. మొదట కొంచెం పొగ వదిలింది, తర్వాత తేరుకుంది. ఇంటికి పోవాలంటే కుడివైపు తిప్పాలి. నేను ఎడమవైపు తిప్పి తొండుపల్లి పోయాను. ఖాళీ పెట్టెలు హేచరీకి తిరిగివ్వాలి, అది ఒక కారణం.

షెడ్డులో పిల్లలన్నీ బల్బు కింద ఒకచోట చేరి నిద్రపోతున్నాయి. రుక్కమ్మ అడుగుల చప్పుడు కాకుండా తిరుగుతోంది. కారు బానెట్ మీద పుస్తకం పెట్టి, ఆయిల్ గడిలో పెట్రోల్ అని రాసి కింద రెండు గీతలు గీశాను. ప్రయాణ కారణం గడిలో: కోడిపిల్లలు, అయిదువందల నాలుగు, క్షేమం. రుక్కమ్మ పక్కన నిలబడి చూసింది. సంఘంలో చేరాక సంతకంతోపాటు నాలుగు అక్షరాలూ నేర్చుకుంది, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదువుతోంది. వేలు చివరి గడి మీదికి వెళ్ళి ఆగింది.

"ఈడ అమ్మ సంతకం పెడుతుండె గద సార్. గిప్పుడు ఖాళీగనే ఉంటున్నది."

పెన్ను ఆమె చేతికిచ్చాను. చేతులకు అంటిన వరిపొట్టు చీరకు తుడుచుకుని, నాలుక కొస పంటికింద పెట్టుకుని, గడి దాటి అంచుదాకా పోయేంత పెద్దగా రాసింది: రుక్కమ్మ.